ఆపే తేదీ లేని మందు చీటీ

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ, మొగల్‌పురా, చాంద్రాయణగుట్ట ఎక్కడైనా సరే, సాయంత్రం పూట మందుల షాపు ముందు కాసేపు నిలబడితే ‘ఆధా సీసీ’ అనో, ‘చక్కర్’ అనో చెప్పుకుంటూ వచ్చేవాళ్లు కనిపిస్తారు. మొదటిది తలకు ఒక పక్కన పొడిచే పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్. రెండోది కళ్లు తిరగడం. ఈ రెండు బాధలకూ డాక్టర్లు రాసే మందు ఒకటుంది. పేరు ఫ్లూనరిజిన్. సిబీలియం అనే పేరుతోనూ, ఇంకా ఎన్నో కంపెనీల పేర్లతోనూ 5, 10 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. రాత్రికొకటి వేసుకుంటే చాలు. చాలామందికి గుణం కనిపిస్తుంది. ఇంత సులువైన మందు మీద ఇంత పొడుగు సమీక్ష ఎందుకంటే, దీన్ని మొదలుపెట్టించేవాళ్లు ఉన్నంతమంది ఆపించేవాళ్లు లేరు. ఈ మందు విషయంలో భద్రత అంటే ముప్పాతిక వంతు ఆపడంలోనే ఉందని నా అభిప్రాయం.

ఫ్లూనరిజిన్ కొత్తదేమీ కాదు. 1960ల చివర్లో బెల్జియంలోని జాన్సెన్ ప్రయోగశాలలో పుట్టింది. కళ్లు తిరిగేవాళ్లకు ఈనాటికీ రాసే సినరిజిన్ అంతకుముందే అక్కడ తయారైంది. దానికి రెండు ఫ్లోరిన్ పరమాణువులు చేరిస్తే ఈ మందు వచ్చింది. ఇది నరాల కణాల్లోకీ, రక్తనాళాల గోడల్లోకీ కాల్షియం అతిగా చొరబడకుండా అడ్డుకుంటుంది. పాతకాలపు జలుబు మాత్రల్లాగా హిస్టమిన్‌ను అణచి నిద్ర తెప్పిస్తుంది. మెదడులో డోపమిన్ చేసే పనికి కూడా కొంత అడ్డుపడుతుంది. ఈ మూడో గుణాన్ని గుర్తుపెట్టుకోవాలి. అసలు చిక్కంతా దానితోనే.

ముందుగా చెప్పాల్సింది ఏమిటంటే, ఇది నొప్పి లేచినప్పుడు వేసుకునే గోలీ కాదు. తల పగిలిపోతున్న వేళ ఫ్లూనరిజిన్ మింగితే ఆ నొప్పికి ఏమీ కాదు, మహా అయితే నిద్ర వస్తుంది. నొప్పి మళ్లీ మళ్లీ రాకుండా కాపాడటమే దీని పని, దానికి వారాలు పడుతుంది. ఒంట్లో చేరిన పారాసెటమాల్ రెండు మూడు గంటల్లో సగానికి తగ్గుతుంది. ఫ్లూనరిజిన్ సగానికి తగ్గాలంటే సుమారు 18 రోజులు కావాలి. అందుకే రోజూ వేసుకుంటుంటే ఒంట్లో పేరుకుంటూ పోతుంది. ఇవాళ మానేస్తే 18 రోజులకు సగం, ఇంకో 18 రోజులకు పావు వంతు మిగిలే ఉంటుంది. దీనివల్ల ఒక మేలు ఉంది. ఒక రాత్రి మాత్ర మరిచిపోతే కొంప మునగదు, మర్నాడు రెండు వేసుకోవాల్సిన పనీ లేదు. కీడు కూడా ఉంది. పడకపోతే వెంటనే వదిలించుకోలేం.

అసలు ఈ మందు ఎవరికి కావాలి? ప్రపంచంలో ఏడుగురిలో ఒకరికి మైగ్రేన్ ఉందని అంచనా. పక్క రాష్ట్రంలో బెంగళూరు నగరంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ చేసి 2015లో ప్రచురించిన సర్వేలో ఏడాది వ్యవధిలో మైగ్రేన్ బాధ పడ్డవాళ్లు నూటికి 25 మంది తేలారు. ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. వాళ్లందరికీ రోజువారీ మందు అక్కర్లేదు. నెలలో నాలుగైదు రోజులో అంతకంటే ఎక్కువో నొప్పితో మంచం పట్టేవాళ్లకూ, తక్కువసార్లు వచ్చినా పూర్తిగా కూలబడిపోయేవాళ్లకూ నివారణ మందు గురించి ఆలోచిస్తారు.

నొప్పి గోలీలకు అలవాటుపడ్డవాళ్ల సంగతి వేరు. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ఎర్గోటమిన్, ట్రిప్టాన్, మిశ్రమ మాత్రలైతే 10 రోజులు మించి మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే కొత్త తలనొప్పిని పుట్టిస్తాయి. లాడ్ బజార్ వెనక సందుల్లో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క గాజులు చేసేవాళ్లనూ, రోజంతా అత్తరు వాసనల మధ్య కూర్చునే దుకాణదారులనూ తలచుకోండి. వేడి, ఘాటైన వాసన, వేళకు తిండి లేకపోవడం మూడూ మైగ్రేన్‌ను రేపేవే. పని ఆగకూడదని పూటకో గోలీ మింగేవాళ్లకు ముందు ఆ గోలీల లెక్క తేల్చకుండా ఏ నివారణ మందు ఇచ్చినా సగమే పని చేస్తుంది.

ఫ్లూనరిజిన్ ఎంత మేలు చేస్తుంది? నిజం చెప్పాలంటే మితంగానే. 2019లో పాత పరీక్షలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలో, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే నాలుగు వారాలకు సగటున 0.4 దాడులు తగ్గాయని తేలింది. చూడటానికి చిన్న అంకె. కొందరికి ఏమీ తగ్గదు, కొందరికి సగానికి సగం తగ్గుతుంది కాబట్టి సగటు అలా కనిపిస్తుంది. పేరున్న నివారణ మందు ప్రొప్రనొలాల్‌తో పోలిస్తే మాత్రం ఇది ఎక్కడా తీసిపోలేదు. 2002లో 808 మందితో జరిగిన పెద్ద పరీక్షలో రోజుకు 160 మిల్లీగ్రాముల ప్రొప్రనొలాల్‌కు సమానంగా 10 మిల్లీగ్రాముల ఫ్లూనరిజిన్, అంతెందుకు 5 మిల్లీగ్రాములు కూడా నిలిచాయి. ఈ చివరి మాటను మన డాక్టర్లు ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. సగం మోతాదుతో పని జరిగేచోట పూర్తి మోతాదు దేనికి?

కళ్లు తిరగడం సంగతికి వస్తే ఇంకా జాగ్రత్త కావాలి. అది ఒక జబ్బు కాదు, పది జబ్బులకు ఒకే పేరు. పాతబస్తీ పెద్దవాళ్లు తరచూ చెప్పే లక్షణం ఒకటుంది. నమాజులో సజ్దాకు తల నేలకు ఆనించగానే, లేవగానే గది గిర్రున తిరిగినట్టు అవుతుంది. పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలినా అంతే. అర నిమిషంలో తగ్గిపోతుంది. ఇది చాలాసార్లు లోపలి చెవిలో సన్నని సున్నపు పలుకులు చోటు తప్పడం వల్ల వస్తుంది. డాక్టర్ మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, వెనక్కు పడుకోబెట్టి కనుగుడ్ల కదలిక చూసి పట్టేస్తాడు. తర్వాత తలను వరుసగా నాలుగైదు భంగిమల్లో తిప్పి ఆ పలుకులను స్వస్థానానికి చేరుస్తాడు. జాన్ ఎప్లీ అనే అమెరికా వైద్యుడి పేరు మీద ఉన్న ఈ పద్ధతికి పట్టేది పది నిమిషాలు, కత్తీ లేదు, మందూ లేదు. ఏ మాత్రా ఆ పలుకును కదిలించలేదు. కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి పాతబస్తీకి కూతవేటు దూరంలో ఉండగా, పది నిమిషాల పనికి నెలల తరబడి మాత్రలు మింగడం అన్యాయం.

చెవి నరం వాపు, మెనియర్ జబ్బు, బీపీ మందు ఎక్కువై లేవగానే తూలడం, రక్తహీనత, షుగర్ పడిపోవడం ఇవన్నీ కూడా జనం నోట ‘చక్కరే’. ఫ్లూనరిజిన్ నిజంగా అక్కరకు వచ్చేది చెవి సమతుల్యతలో తేడాలకూ, మైగ్రేన్‌తో ముడిపడిన తల తిరుగుడుకూ. ఈ రెండో జబ్బుకు అంతర్జాతీయ నిపుణులు గుర్తింపు సూత్రాలు కుదిర్చిందే 2012లో. దాని మీద మనకు దగ్గర్లో జరిగిన పరీక్ష వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీది, 2014లో ప్రచురితం. రాయలసీమ నుంచి రైలెక్కి వెళ్లేవాళ్లకు ఆ ఆస్పత్రి కొత్త కాదు. దాదాపు 50 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మామూలు మందులతోపాటు 12 వారాలు 10 మిల్లీగ్రాముల ఫ్లూనరిజిన్ ఇచ్చారు. తల తిరగడం ఎన్నిసార్లు వచ్చిందన్నది తగ్గింది, తీవ్రతా తగ్గింది. తలనొప్పిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చిన్న పరీక్షే అయినా నిజాయితీ గల ఫలితం. ఆ 12 వారాలు అన్న మాటను గమనించండి. ఏళ్ల తరబడి వాడకానికి అది అనుమతి కాదు.

ఒక్క హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి. తల తిరగడంతోపాటు మాట ముద్దగా రావడం, ఒక్కటి రెండుగా కనిపించడం, మూతి వంకర పోవడం, చెయ్యి కాలు పట్టు తప్పడం, నిలబడి అడుగు వేయలేకపోవడం వీటిలో ఏది ఉన్నా అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు వ్యవధి నాలుగున్నర గంటలే. మందుల షాపుకు పోకండి, 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు ఆ డోపమిన్ సంగతి. ఫ్లూనరిజిన్ మార్కెట్‌కు వచ్చాక చాలాకాలం దాన్ని సాధువైన మందుగానే చూశారు. 1986లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియో నుంచి న్యూరాలజిస్టులు లాన్సెట్ పత్రికలో 12 మంది రోగుల వివరం ప్రకటించారు. ఈ మందు వాడుతున్నవాళ్లలో వణుకు, బిగుసుకుపోవడం, నోరూ నాలుకా తమంత తామే కదలడం, కుదురుగా కూర్చోలేకపోవడం, దిగులు కనిపించాయి. తర్వాత ఇతర దేశాల నుంచీ అలాంటి కేసులే బయటపడ్డాయి. పెద్ద వయసు వాళ్లలో, ఎక్కువకాలం వాడినవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ.

మందు భద్రమా కాదా అని తేల్చే పని మన ఊరూ ఒకప్పుడు నెత్తిన వేసుకుంది. 1888లో ఒకసారి, 1889లో మరోసారి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ నడిపించాడు. ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రే ఈనాటి ఉస్మానియాకు పూర్వరూపం. రెండో విడతకు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు, ఖర్చు నిజాం సర్కారు భరించింది. ఊపిరి గమనిస్తూ ఇస్తే క్లోరోఫామ్ అనే ఆ ఆపరేషన్ మత్తుమందు గుండెకు హాని చేయదని తేల్చేశారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు అది తప్పని చూపించాడు. తక్కువ మోతాదులోనే గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదు. శ్రద్ధ లేక కాదు, ఎక్కడ చూడాలో అక్కడ చూడకపోవడం వల్ల జరిగిన పొరపాటది. ఫ్లూనరిజిన్ వాడేవాళ్లలో కూడా చూడాల్సిన చోటు వేరే ఉంది. తలను అడుగుతాం, కాళ్లూ చేతులనూ చూడం.

ఎలా చూడాలో చెబుతాను. పెద్దాయన గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంటే పక్క నుంచి గమనించండి. రెండు చేతులూ ఊగుతున్నాయా, ఒకటి ఒంటికి అతుక్కుపోయిందా? చెప్పులు నేలకు రాసుకుంటున్నాయా? వెనక్కు తిరగడానికి ఎన్ని చిన్న అడుగులు పడుతున్నాయి? కుర్తా గుండీలు పెట్టుకోవడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతోందా? సజ్దా నుంచి లేవడానికి పక్కవాళ్ల ఆసరా కావలసి వస్తోందా? సంతకం రానురాను చిన్నదవుతోందా? ముఖంలో కోపమూ నవ్వూ కనిపించడం లేదా? వీటిలో రెండు మూడు ఉండి, ఇంట్లో ‘చక్కర్’ మాత్రల స్ట్రిప్ ఉంటే, అది వయసు తెచ్చిన మార్పు అని సరిపెట్టుకోవద్దు. డాక్టర్ మందు ఆపించాక చాలామంది కోలుకుంటారు, నెలలు పట్టవచ్చు. దీన్ని గుర్తించకపోతే మందు వల్ల వచ్చిన వణుకుకు పార్కిన్సన్ మాత్రలు మొదలవుతాయి. ఒక మందు పెట్టిన బాధకు ఇంకో మందు తోడవుతుంది.

తల తిరగడానికీ, వాంతులకూ రాసే ప్రోక్లోర్‌పెరజిన్ కూడా ఇలాగే డోపమిన్‌ను అడ్డుకుంటుంది. ఎర్గోటమిన్, కెఫీన్, పారాసెటమాల్‌తోపాటు ఈ ప్రోక్లోర్‌పెరజిన్ కూడా కలిసిన మైగ్రేన్ మాత్ర మన షాపుల్లో ఏళ్లుగా ఉంది. రాత్రికి ఫ్లూనరిజిన్, నొప్పి వచ్చినప్పుడల్లా ఆ మాత్ర వేసుకునే మనిషికి రెండు వైపుల నుంచీ దెబ్బ. వేసుకునేవాళ్లకు ఆ సంగతి తెలియదు.

దిగులు గురించి మనవాళ్లు నోరు విప్పరు. ఇంతకుముందు డిప్రెషన్ వచ్చినవాళ్లకు, పార్కిన్సన్ జబ్బు ఉన్నవాళ్లకు ఫ్లూనరిజిన్ ఇవ్వకూడదని మందు పత్రంలోనే ఉంటుంది. కాబట్టి రాసే ముందు డాక్టర్ అడగాలి, అడగకపోతే మనమే చెప్పాలి. మందు మొదలైన తర్వాత నిద్ర పట్టకపోయినా, ఏడుపు ముంచుకొచ్చినా, బతుకు మీద విసుగు పుట్టినా అది మీ బలహీనత అనుకోవద్దు, మందు వల్ల కావచ్చు. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మోతాదు సంగతి క్లుప్తంగా. పెద్దలకు రాత్రి పడుకునే ముందు 10 మిల్లీగ్రాములు, 65 దాటినవాళ్లకు 5. మైగ్రేన్‌కు రెండు నెలలు వాడినా ఫలితం లేకపోతే ఆపేయాలి. ఫలితం ఉన్నా ఆరు నెలలకు ఆపి చూడాలి, నొప్పి తిరగబెడితే మళ్లీ మొదలుపెట్టవచ్చు. తల తిరగడానికి అయితే సాధారణంగా రెండు నెలలకు మించకూడదు, నిత్యం ఉండే తిరుగుడు ఒక నెలలో తగ్గకపోతే అక్కడితోనే చాలించాలి. డాక్టర్ చీటీ మీద మాత్ర పేరు పక్కన సున్నా, సున్నా, ఒకటి అని గీతలతో రాసి ఉంటుంది, అంటే పొద్దున వద్దు, మధ్యాహ్నం వద్దు, రాత్రికి ఒకటి. దాని కింద ‘30 రోజులు’ అని ఉంటే ఉంటుంది. ఆ 30 రోజుల తర్వాత అదే చీటీ, అది కూడా నలిగిపోతే ఖాళీ స్ట్రిప్, షాపుకు పోతూనే ఉంటాయి. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటుంది. ఇది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ గీతను అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలిసే దాటేస్తున్నారు.

ప్రొప్రనొలాల్, ఫ్లూనరిజిన్ రెండూ ఒకే గోలీలో కలిపి అమ్ముతారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రొప్రనొలాల్ ప్రమాదం, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. దూద్‌బౌలి బత్తిని కుటుంబం మృగశిర కార్తె నాడు ఇచ్చే చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో ఉబ్బస రోగులు వచ్చే ఊరు మనది. ఇక్కడ మైగ్రేన్ మాత్ర రాసే ముందు ‘ఆయాసం ఉందా’ అని అడగకపోవడం క్షమించరానిది. ప్రొప్రనొలాల్‌ను ఒక్కసారిగా మానేయడమూ మంచిది కాదు, గుండె అదురుతుంది. అందుకే మిశ్రమ గోలీని సొంతంగా ఆపకూడదు. ఫ్లూనరిజిన్‌కు పారాసెటమాల్, డోమ్‌పెరిడోన్ కలిపిన మాత్ర కూడా ఒకప్పుడు ఉండేది, 2016 మార్చిలో కేంద్రం నిషేధించిన 344 మిశ్రమాల్లో అదీ పోయింది. పోవడమే మంచిదైంది. రోజూ వేసుకోవాల్సిన మందునూ, అవసరానికి వేసుకోవాల్సిన నొప్పి గోలీనీ ఒక్కటి చేస్తే ఏ రోగికీ లాభం లేదు.

ఈ మందు మీద మత్తు పదార్థం పడితే నిద్ర రెట్టింపవుతుంది. సారా, విస్కీ ఒక్కటే కాదు, నిద్రమాత్రలూ అంతే. కల్లు గురించి వేరే చెప్పాలి. మన కాంపౌండ్లలో అమ్మే కల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం కలుపుతారన్నది కేసుల్లో తేలిన విషయం, 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. రాత్రి ఫ్లూనరిజిన్ వేసుకుని పొద్దున్నే ఆటో తీసే అన్నలు మొదటి రెండు వారాలు మత్తు ఎలా ఉందో చూసుకున్నాకే హ్యాండిల్ పట్టాలి. మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వాడేవాళ్లలో ఫ్లూనరిజిన్ త్వరగా విరిగిపోయి సరిగా పనిచేయదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీన్ని వాడకపోవడమే మేలు. గర్భనిరోధక మాత్రలతో కలిస్తే కొందరికి పాలు పడతాయి, కంగారుపడక డాక్టర్‌కు చెప్పాలి. ఆకలి పెరుగుతుంది, బరువు పెరుగుతుంది. షుగర్ అంచున ఉన్న ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, నెలనెలా తూకం చూసుకోవాలి.

రంజాన్ నెలలో ఈ మందు వాడకానికి పాతబస్తీలో ఇంకో ముఖం ఉంది. ఉపవాసం మైగ్రేన్‌ను రేపుతుందని బయటి దేశాల అధ్యయనాలు చూపాయి, మొదటి రోజాల తలనొప్పి ఇక్కడ ఇంటింటికీ తెలిసిందే. అందులో చాయ్ వాటా పెద్దది. రోజుకు ఆరేడు ఇరానీ చాయ్‌లు తాగే మనిషి ఒక్కసారిగా పగలంతా మానేస్తే కెఫీన్ కోసం తల గోల పెడుతుంది. నెలవంక కనిపించడానికి వారం పది రోజుల ముందు నుంచే కప్పులు తగ్గించుకుంటూ రావడం, సహరీలో నీళ్లు ఎక్కువగా తాగడం మందులంత పని చేస్తాయి. రోజుకొకసారి, అదీ రాత్రిపూట మాత్ర కాబట్టి ఫ్లూనరిజిన్ రోజాకు ఇబ్బంది లేని మందు. తరావీహ్ అయ్యాక మరీ ఆలస్యంగా వేసుకుంటే సహరీకి లేవలేరు, ఇఫ్తార్ తర్వాత కాస్త ముందుగా వేసుకోవచ్చేమో డాక్టర్‌ను అడగండి. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ దవాఖానాకు వెళ్లి ఇత్రిఫల్, ఖమీరా తెచ్చుకునేవాళ్లు ఆ సంగతి అల్లోపతి డాక్టర్‌కు, అల్లోపతి మాత్రల సంగతి హకీం సాబ్‌కు చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఆ లేహ్యాల్లోని తీపి కూడా లెక్కే.

డల్లస్‌లోనో చికాగోలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట. అమెరికాలో ఫ్లూనరిజిన్‌కు అనుమతి లేదు, అక్కడి చాలామంది డాక్టర్లు దీన్ని ఎప్పుడూ రాసి ఉండరు. పెట్టెలో స్ట్రిప్‌లతో పాటు చీటీ కూడా పెట్టుకోండి. అక్కడ వణుకు వచ్చో, పడిపోయో ఆస్పత్రికి వెళ్తే ఈ మాత్ర పేరు మీరు చెప్పకపోతే వాళ్లకు తట్టదు.

ఈ మందును తీసిపారేయాలని నేననడం లేదు. నెలకొకసారి వేసుకునే కొత్త ఇంజెక్షన్లు పాతబస్తీ కుటుంబాలకు అందే ధరలో లేవు. సరైన మనిషికి, సరైన మోతాదులో, సరైన గడువు దాకా ఫ్లూనరిజిన్ ఇప్పటికీ మంచి మందు. బస్తీ దవాఖానాల డాక్టర్లకూ, ఉస్మానియా ఓపీలో రోజుకు వందమందిని చూసే డాక్టర్లకూ నా విన్నపం: మాత్ర పేరు పక్కన ఆపాల్సిన తేదీని అంకెల్లో రాయండి. మందుల షాపు అన్నలు ఆ తేదీ దాటిన చీటీకి మాత్రలు ఇవ్వకండి, డాక్టర్ దగ్గరికి పంపండి. చదివేవాళ్లు తమ ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఒకసారి తీసి చూడండి. ఫ్లూనరిజిన్ ఉంటే ఎప్పటి నుంచి వాడుతున్నారో అడగండి. ఆరు నెలలు దాటి ఉంటే అన్ని స్ట్రిప్‌లూ సంచిలో వేసుకుని ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మందు పడలేదని తేలితే జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమం టోల్ ఫ్రీ నంబరు 1800 180 3024కు మీరే స్వయంగా చెప్పవచ్చు.